పదేళ్ల కేసులు, పదేళ్ల నవ్వులు: ‘హవాయి ఫైవ్-0’ అభిమానుల రీక్యాప్‌లు

ఎపిసోడ్ చూడటానికి నలభై నిమిషాల పైచిలుకు, దాని మీద అభిమానులు రాసిన సరదా రీక్యాప్, అంటే ఎపిసోడ్‌లో జరిగింది వ్యాఖ్యానంతో తిరిగి చెప్పే రాత, చదవడానికి ఇంకో పావుగంట. ‘హవాయి ఫైవ్-0’ పది సీజన్లూ నాకు ఇలాగే గడిచాయి. మొత్తం 240 ఎపిసోడ్లు. అన్నిటికీ మంచి రీక్యాప్ దొరకలేదు గానీ, దొరికినవాటిలో ఒక్కటీ వదల్లేదు. సిరీస్ 2020 ఏప్రిల్ 3న అయిపోయింది. రీక్యాప్‌లను మాత్రం ఇప్పటికీ తిరగేస్తూనే ఉంటాను. ఇన్నేళ్లు చదివాక ఒక మాట గట్టిగా చెప్పగలను. కథంతా పూసగుచ్చినట్టు చెప్పినవి గుర్తులేవు. వెక్కిరింత కోసమే వెక్కిరించినవీ గుర్తులేవు. కళ్లార్పకుండా చూసినవాళ్లు రాసినవే మిగిలాయి.

సిరీస్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది హవాయి దీవుల్లో నేరాలను ఛేదించే ఒక ప్రత్యేక పోలీసు బృందం కథ, ఆ బృందానికి నాయకుడు స్టీవ్ మెక్‌గారెట్. పాత ‘హవాయి ఫైవ్-ఓ’ 1968 సెప్టెంబరు 20న అమెరికా టీవీ ఛానెల్ సీబీఎస్‌లో మొదలై పన్నెండు సీజన్లు నడిచింది. అందులో స్టీవ్ మెక్‌గారెట్‌గా జాక్ లార్డ్ చేశాడు. కొత్తది 2010లో అదే ఛానెల్లో, అదే తేదీన మొదలైంది. మెక్‌గారెట్‌గా అలెక్స్ ఓలాఫ్లిన్, డానీ విలియమ్స్‌గా స్కాట్ కాన్, చిన్ హో కెల్లీగా డేనియల్ డే కిమ్, కోనోగా గ్రేస్ పార్క్. పాత పేరు చివర ఉన్నది ‘ఓ’ అక్షరం, కొత్త పేరు చివర ఉన్నది సున్నా. ఈ తేడాను మొదట నాకు పట్టించింది ఒక రీక్యాపే.

రీక్యాప్‌లలో నాకు ప్రాణమైనది లెక్కల హాస్యం. డానీ కారు ఒక వెండిరంగు కమారో. కారు అతనిది, స్టీరింగ్ మాత్రం ఎప్పుడూ స్టీవ్ చేతిలో. భోజనం ఇద్దరిదీ, బిల్లు దగ్గరికొచ్చేసరికి స్టీవ్ దగ్గర పర్సు ఉండదు. మామూలుగా చూసేవాళ్లు వీటికి ఒకసారి నవ్వి ఊరుకుంటారు. రీక్యాప్ రాసేవాళ్లు పద్దు రాసినట్టు రాసిపెట్టుకుంటారు: ఈ వారం తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయి, స్టీవ్ ఎన్నిసార్లు చొక్కా విప్పాడు, ఎన్ని జేబుల ప్యాంటు వేసుకొచ్చాడు, అనుమానితుణ్ణి నోరు విప్పించడానికి మేడమీంచి వేలాడదీశాడా లేదా. ఒక్క వారం చదివితే ఇది చిన్న సరదా. రెండు సీజన్లు చదివాక ఆ పద్దులోంచే మనుషులు కనిపించడం మొదలవుతుంది. స్టీవ్ ఎవరి చేతికీ స్టీరింగ్ ఇవ్వలేడు. డానీ గొణుగుతాడే గానీ తాళాలు మాత్రం లాక్కోడు. ఆ పాత్రల స్వభావం నాకు ఇంత బాగా పట్టుబడింది ఆ పద్దుల వల్లే.

కారులో వాళ్లిద్దరి వాదులాటలకు అభిమానులు ఒక ప్రత్యేకమైన మాటే కట్టారు: ‘కార్గ్యుమెంట్’. కారూ ఆర్గ్యుమెంటూ కలిపిన మాట. మంచి రీక్యాప్‌లో హత్య ఎవరు చేశారన్నది నాలుగు వాక్యాల్లో తేలిపోతుంది, కార్గ్యుమెంట్‌కు మాత్రం నాలుగు పేరాలు. అలా ఉండటమే సరి అని నా అభిప్రాయం. హంతకులు వారం వారం మారిపోతారు, మనం మళ్లీ వచ్చేది ఈ ఇద్దరి కోసం. ఆరో సీజన్ చివర స్టీవ్‌కు తూటాలు తగిలితే, విమానం నడపడం రాని డానీ దాన్ని సముద్రపు ఒడ్డున దించి, తర్వాత తన కాలేయంలో కొంత భాగం ఇచ్చి అతన్ని బతికిస్తాడు. ఏడో సీజన్ నుంచి ఆ కాలేయం కూడా వాదులాటల్లోకి వచ్చేసింది. ఆరేళ్లుగా కారు తాళాలు, పర్సు, బిల్లు లెక్కలు చదువుతున్న నాకు ఆ బాకీల చిట్టాలో కాలేయం కూడా చేరడం చూసి నవ్వూ వచ్చింది, గొంతూ పట్టేసింది. ఎపిసోడ్ మాత్రమే చూసుంటే ఆ రెండూ ఒకేసారి వచ్చేవి కావనుకుంటాను.

కథలోకి ప్రకటనలు చొరబడినప్పుడు రీక్యాప్‌లు ఇంకా పదునెక్కేవి. రెండో సీజన్‌లో, బృందానికి స్నేహితుడైన చిరువ్యాపారి కామెకోనా ఒక కంపెనీ శాండ్‌విచ్ తింటూ, అది తిని బరువు తగ్గడం గురించి అచ్చం ప్రకటనలోలాగే మాట్లాడతాడు. చూస్తున్నప్పుడు నాకు ఒళ్లు మండింది. ఆ వారం చదివిన రీక్యాప్ ఆ సన్నివేశాన్ని కేసులో ఒక సాక్ష్యంలా పట్టుకుని, శాండ్‌విచ్‌కూ హత్యకూ సంబంధం వెతుక్కుంటూ పోయింది. నా కోపం అక్కడే చల్లారింది.

2013 జనవరిలో ఒక ఎపిసోడ్‌కు హంతకుడెవరో ప్రేక్షకులే ఓట్లేసి తేల్చారు. ముగింపులు మూడు తీసిపెట్టుకున్నారు. దాని మీద నేను చదివిన ఒక రీక్యాప్ మూడు ముగింపులనూ పక్కపక్కన పెట్టి, ముందు చూపించిన ఆధారాలు ఏ ముగింపుకు ఎంత అతుకుతాయో పరిశీలించింది. నవ్విస్తూనే చేసిన పనే అయినా, అపరాధ పరిశోధన కథ ఎలా అల్లుతారో దానివల్ల నాకు చక్కగా అర్థమైంది. ఆధారం అందరి మీదికీ చూపుతుంటే అది ఎవరి మీదికీ చూపనట్టే.

కథ జరిగే ఓహూ దీవి తెలిసినవాళ్లు రాసినవి వేరే రుచి. ఒక వీధి మలుపు తిరగ్గానే కారు దీవికి అవతలి ఒడ్డున తేలితే వాళ్లు వెంటనే పట్టేస్తారు. ఎపిసోడ్ల పేర్లు దాదాపు అన్నీ హవాయి భాషలోనే ఉంటాయి గనుక, ఆ పేరుకూ కథకూ పొంతన చూసి మొదలుపెట్టేవాళ్లూ ఉన్నారు. ‘ఒహానా’ అంటే కుటుంబమని నేను నేర్చుకుంది రెండో ఎపిసోడ్ పేరు నుంచే.

లోపాలూ ఉన్నాయి. మధ్యలో చేరినవాళ్లకు సగం జోకులు అందవు. మూడో సీజన్ రీక్యాప్‌ను నేరుగా తెరిస్తే, మొదటి సీజన్లో డానీ కట్టుకున్న టై మీద వేసిన చమత్కారం ఎక్కడ తగలాలి? ఎపిసోడ్ చూడకముందు చదివితే కథ పాడవుతుంది, నవ్వూ రాదు. చూశాక, అదీ ఒక పూట ఆగి చదివితేనే బాగుంటుంది. ఇంకొకటి, కొందరు ఎక్కడ ఆపాలో తెలుసుకోలేదు. మొదటి సీజన్లో డానీ సారిన్ విషవాయువుకు గురై కుప్పకూలితే, అక్కడ కూడా చొక్కాల లెక్క తీసినవాళ్లున్నారు. అలాంటివి నేను రెండోసారి చదవలేదు. నిజంగా మంచి రాతగాళ్లు అలాంటి చోట నాలుగు వాక్యాలు మామూలుగా రాసి, తర్వాతి సన్నివేశంలో మళ్లీ సరదా అందుకునేవారు. ఆ నాలుగు వాక్యాల కోసమే నేను కొందర్ని ఏళ్లపాటు చదివాను.

2017లో, ఎనిమిదో సీజన్‌కు ముందు, డేనియల్ డే కిమ్, గ్రేస్ పార్క్ ఇద్దరూ సిరీస్ వదిలేశారు. కొత్త ఒప్పందం షరతుల మీద ఏకాభిప్రాయం కుదరలేదని కిమ్ స్వయంగా ప్రకటించాడు. మిగతా ఇద్దరు ప్రధాన నటులతో సమాన పారితోషికం అడిగారన్న వార్తలు వచ్చాయి. ఆ తర్వాత రీక్యాప్‌లలో ఉత్సాహం తగ్గిన మాట నిజం. కొందరు రాయడమే మానేశారు. ఉన్నవాళ్లు కొత్త పాత్రలను మర్యాదగానే చూశారు గానీ, చిన్ హో మోటారుసైకిలు గురించి, కోనో సర్ఫింగ్ గురించి అడపాదడపా తలచుకోకుండా ఉండలేకపోయారు. నాకూ అలాగే ఉండేది. అందుకే ఆఖరి మూడు సీజన్ల రీక్యాప్‌లకు మొదటివాటితో సమానంగా మార్కులు వేయలేను.

మొదటిసారి చదవబోయేవాళ్లు మొదటి సీజన్ నుంచి వరసగా రండి. ఓపిక లేకపోతే కనీసం మొదటి సీజన్ పూర్తిచేసి, స్టీవ్‌కు బద్ధశత్రువైన వో ఫాట్ కథ ముగిసే ఐదో సీజన్‌లోని నూరో ఎపిసోడ్‌కు వెళ్లండి. నా లెక్కన రీక్యాప్‌ల సత్తా అక్కడ బాగా తెలుస్తుంది, ఎందుకంటే నాలుగేళ్ల జ్ఞాపకమంతా ఒక్కచోటికి వస్తుంది.

కామెకోనాగా చేసిన టేలర్ వైలీ 2024 జూన్‌లో కన్నుమూశాడు. ఆ వారం నేను పాత రీక్యాప్‌లు తీసి, అతను వచ్చిన సన్నివేశాల మీద రాసినవి మాత్రమే చదివాను. షేవ్ ఐస్ బండి, రొయ్యల ట్రక్కు, హెలికాప్టర్ విహారాలు. అతను కొత్త వ్యాపారం మొదలుపెట్టినప్పుడల్లా రీక్యాప్ రాసినవాళ్లు పాతవాటి చిట్టాకు దాన్ని కలిపి మళ్లీ మొత్తం చదివి వినిపించారు. ఎక్కడా అతని ఒళ్లు చూసి నవ్వలేదు. అతను తెరమీదికి వస్తున్నాడంటే చాలు, ఆ పేరా మొదట్లోనే రాసేవాళ్ల సంబరం తెలిసిపోతుంది.