రెస్క్యూకి నాలుగు మార్కులు, ఆ తర్వాతి దానికి రెండున్నర: అక్రమ రవాణా బాధితుల పునరావాస సేవలు ఎలా ఉన్నాయి?

వ్యభిచార గృహం మీద పోలీసు దాడి జరిగిన రాత్రి స్టేషన్లో రాసే ఎఫ్‌ఐఆర్‌లో ఏ సెక్షన్లు పడ్డాయో చూస్తే, అక్కడ విడిపించిన అమ్మాయికి వచ్చే మూడేళ్లలో ఏమేం అందుతాయో సగం తెలిసిపోతుంది. 1956 నాటి ఇమ్మోరల్ ట్రాఫిక్ చట్టం కింద 3, 4, 5 సెక్షన్లు మాత్రమే రాసి వదిలేస్తే అది మామూలు వ్యభిచార కేసుగా మిగులుతుంది. భారతీయ న్యాయ సంహితలో 143, 144 (2024 జూలై 1కి ముందు నేరమైతే ఐపీసీ 370, 370ఎ) కూడా పడితేనే ఆమె కాగితం మీద 'అక్రమ రవాణా బాధితురాలు' అవుతుంది. పరిహారం దరఖాస్తు దగ్గర అందరూ మొదట చూసేది ఆ కాగితమే. కాబట్టి స్వచ్ఛంద సంస్థ కార్యకర్త స్టేషన్లో అడగాల్సిన మొదటి ప్రశ్న "సెక్షన్లు ఏమేసారు సార్?" అన్నదే. భోజనం, బట్టల సంగతి ఆ తర్వాత.

రెస్క్యూ వరకూ తెలుగు రాష్ట్రాల పనితీరు బాగానే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లోనే దీనికి ప్రత్యేక విధానం వచ్చింది. పిల్లలను విడిపించడానికి ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ముస్కాన్ జరుగుతాయి. వాటిలో పోలీసులు, కార్మిక శాఖ, బాలల సంక్షేమ సమితి కలిసి దిగుతారు. 18 ఏళ్లలోపు వాళ్లను 24 గంటల్లో సమితి ముందు హాజరుపరచడమూ చాలావరకు సక్రమంగానే జరుగుతోంది. అయిదుకి నాలుగు ఇవ్వొచ్చు.

ఆ తర్వాతి దానికి మాత్రం రెండున్నరే. గాడి తప్పేది మేజిస్ట్రేట్ దగ్గర. అదే 1956 చట్టం సెక్షన్ 17 ప్రకారం మొదట 10 రోజులకు మించకుండా సురక్షిత కస్టడీ, తర్వాత విచారణ కోసం మూడు వారాల వరకు, అవసరమైతే ఏడాది నుంచి మూడేళ్ల దాకా రక్షణ గృహం. ఈ మధ్యలోనే 'అమ్మ', 'పిన్ని' అంటూ ఎవరో ఆధార్ కార్డు పట్టుకుని వచ్చి అమ్మాయిని తమకు అప్పగించమంటారు. ఎన్నోసార్లు వాళ్లు బ్రోకర్ పంపిన మనుషులే. అందుకే ప్రొబేషన్ అధికారి ఇంటికి వెళ్లి విచారించాలనీ, మేజిస్ట్రేట్‌కి తోడుగా అయిదుగురు పెద్దమనుషుల ప్యానెల్ ఉండొచ్చనీ, వీలైనంత వరకు అందులో ముగ్గురు ఆడవాళ్లే ఉండాలనీ చట్టం చెబుతోంది. నిందితుల తరఫు వకీలే బాధితురాలి తరఫున కూడా నిలబడకూడదని 2002లో ప్రేరణ కేసులో బొంబాయి హైకోర్టు తేల్చింది. ఇంత పకడ్బందీ చట్టం ఉన్నా, ఇంటి విచారణ నివేదిక ఫోన్లోనే పూర్తయితే దానికి విలువ లేదు.

విచారణకి వెళ్లే తీరు కూడా ముఖ్యమే. పోలీసు జీపు వీధి మొగలో ఆగిందంటే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది, ఆ అమ్మాయి ఇక ఆ ఊరు మొహం చూడదు. అనుభవమున్న సామాజిక కార్యకర్తలు ఆటోలో వెళ్తారు. పొదుపు సంఘం పని మీదో, కుట్టు శిక్షణ గురించో వచ్చామంటారు. మంచినీళ్లు అడిగి వసారాలో కూర్చుంటారు. ఇంట్లో ఎవరెవరున్నారు, ఆమెను అమ్మింది ఈ ఇంటివాళ్లేనా అన్నది ఆ అరగంటలో పసిగట్టాలి.

ఇక హోమ్. అక్రమ రవాణా బాధితుల కోసం 2007లో మొదలైన ఉజ్వల, దిక్కులేని ఆడవాళ్ల కోసం దానికంటే ముందునుంచీ ఉన్న స్వధార్, ఈ రెండు కేంద్ర పథకాలనూ కలిపి 2022లో మిషన్ శక్తి కింద శక్తి సదన్‌గా మార్చారు. ఒక్కో సదన్‌లో 50 మంది. మూడేళ్ల దాకా ఉండొచ్చు, పిల్లలను కూడా తెచ్చుకోవచ్చు. నెలకు 500 రూపాయలు ఆమె ఖాతాలో వేసి, వెళ్లేటప్పుడు తీసుకోనిస్తారు. తిండికి, పడకకు లోటు ఉండదు. కానీ భర్త వదిలేసిన ఆమె, వరదలో ఇల్లు పోయిన ఆమె, ముంబై నుంచి విడిపించి తెచ్చిన అమ్మాయి ఒకే హాల్లో ఉంటారు. మందు అలవాటు మాన్పించడం, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేవడం, పాత ఫోన్ నంబర్‌కి కాల్ చేయాలన్న ఆరాటం, వీటికి వేరే నైపుణ్యం కావాలి. హెచ్‌ఐవీ మందులు వాడుతున్నవాళ్లకైతే ఊరు మారిన రోజే పాత ఏఆర్‌టీ కేంద్రం నుంచి ట్రాన్స్‌ఫర్ కాగితం తెప్పించాలి. ఇది ఆలస్యమైతే మందులో ఖాళీ పడుతుంది.

అన్నిటికంటే పెద్ద ఫిర్యాదు తాళం. మేజర్లను ఇష్టం లేకుండా రక్షణ గృహాల్లో ఉంచుతున్నారేమో సర్వే చేసి, అలాంటివాళ్లను విడిచిపెట్టే విషయం చూడమని 2022 మేలో బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. గోడ దూకి పారిపోయారన్న వార్త వచ్చినప్పుడల్లా గోడ ఎత్తు పెంచితే సరిపోదు. ఆ హోమ్‌లో పగలంతా చేయడానికి పనేముందో చూడాలి.

ఈ పని విషయంలో స్వచ్ఛంద సంస్థలు ప్రభుత్వం కంటే చాలా ముందున్నాయి. 1996లో, మెహబూబ్ కీ మెహందీ అనే వేశ్యావాడను ఖాళీ చేయించిన రోజుల్లో, హైదరాబాద్‌లో పుట్టిన ప్రజ్వల అమ్మాయిలకు వెల్డింగ్, వడ్రంగం, బుక్ బైండింగ్ నేర్పింది. ప్రభుత్వ హోమ్‌లో ఇప్పటికీ ఎక్కువగా కనిపించేది కుట్టు మిషనే. బ్లౌజ్ కుట్టి ఊళ్లో అద్దె కట్టడం ఎంత కష్టమో కుట్టేవాళ్లని అడగండి. అయితే సంతకం పెట్టే అధికారం సంస్థలకు లేదు, గ్రాంటు ఆలస్యమైతే జీతాలు ఆగుతాయి. కోర్టుకెక్కినా ఫలితం నెమ్మదే. ప్రజ్వల 2004లో వేసిన పిటిషన్ మీద, 2016 కల్లా వ్యవస్థీకృత నేరాల దర్యాప్తు సంస్థ పెట్టమని 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశం వచ్చింది. ఆ సంస్థ ఆ గడువుకి రాలేదు. 2019లో చట్టం సవరించి జాతీయ దర్యాప్తు సంస్థ అయిన ఎన్‌ఐఏకే అక్రమ రవాణా కేసుల అధికారం ఇచ్చారు.

డబ్బు దగ్గర రెండు దారులు తెలిసుండాలి. మొదటిది జిల్లా న్యాయసేవాధికార సంస్థ (ఫోన్ 15100). 2018 నాటి నల్సా (జాతీయ న్యాయసేవాధికార సంస్థ) పరిహార పథకం కింద దరఖాస్తు చేస్తే 60 రోజుల్లో తేల్చాలి. వచ్చిన దాంట్లో 75 శాతం కనీసం మూడేళ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటుంది, 25 శాతమే చేతికొస్తుంది. ఇది ముందే చెప్పకపోతే సంస్థే తినేసిందని అనుమానిస్తారు. రెండోది చాలామందికి తెలియనిది: వెట్టిచాకిరి పునరావాస పథకం. వ్యభిచార గృహాలు, మసాజ్ పార్లర్లు, ప్లేస్‌మెంట్ ఏజెన్సీల నుంచి విడిపించిన ఆడవాళ్లకు, పిల్లలకు ఇందులో 3 లక్షల దాకా ఉంది. దీనికి తాళంచెవి కలెక్టర్ లేదా ఆర్డీవో ఇచ్చే విడుదల పత్రం. పూర్తి మొత్తం నిందితుడికి శిక్ష పడటంతో ముడిపడి ఉంది కాబట్టి, కేసు సాగినంత కాలం అదీ సాగుతుంది. పెద్దపల్లి ఇటుక బట్టీల నుంచి విడిపించిన ఒడిశా కూలీల సంగతి మరీ చిక్కు. పత్రం ఇక్కడ, ఊరు బలాంగీర్‌లో. రెండు జిల్లాల మధ్య ఫైలు తిరగాలి. రైలెక్కించే ముందే విడుదల పత్రం చేతికివ్వాలి, పోస్టులో పంపుతామంటే ఒప్పుకోకూడదు.

ఇంకొకటి, చిన్నదే కానీ అన్నీ ఇక్కడ ఆగుతాయి. ఆమె ఆధార్‌కి లింకైన ఫోన్ నంబరు చాలాసార్లు బ్రోకర్‌ది. ఖాతా తెరిచినా ఓటీపీ వాడికే వెళ్తుంది, ఆమె ఎక్కడుందో కూడా వాడికి తెలిసిపోవచ్చు. హోమ్‌లో చేరిన మొదటి వారంలోనే ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లి, వేలిముద్ర వేయించి, కొత్త నంబరు పెట్టించండి. బ్యాంకు ఫారం ఆ తర్వాతే నింపండి.