ఒకే విద్యలో లోతా, పలు సాంకేతికతల విస్తరణా: కంపెనీకి ఏది మేలు?

చేతిలో ఉన్న సాంకేతికతనే లోతుగా పట్టుకోవాలా, నాలుగు రంగాల్లోకి విస్తరించాలా అని చిన్న పరిశ్రమలు నడిపే పాఠకులు తరచుగా రాస్తున్నారు. వారిలో చాలామంది, డిజిటల్ కెమెరాలు వచ్చి ఫొటో ఫిల్ముకు గిరాకీ పడిపోయినప్పుడు ఆ ఫిల్ము చేసే రెండు పెద్ద కంపెనీల్లో జపాన్‌కు చెందిన ఫూజీఫిల్మ్ విస్తరించి బతికిందని, అమెరికాకు చెందిన కొడాక్ విస్తరించక మునిగిందని ముందే తీర్పు చెప్పుకుని వస్తారు. ఆ తీర్పులో రెండో సగం నిజం కాదు. కొడాక్ 1988లోనే స్టెర్లింగ్ డ్రగ్ అనే మందుల కంపెనీని సుమారు 510 కోట్ల డాలర్లకు కొన్నది. రెండూ విస్తరించినవే కనుక, తనకు తెలిసిన విద్య నుంచి కొత్త కొమ్మ వేయడం మేలా, తెలియని వ్యాపారాన్ని డబ్బు పెట్టి తెచ్చి పక్కన నిలపడం మేలా అన్నదే ఇక్కడ తేల్చవలసిన విషయం.

లోతునే నమ్ముకున్నవారికీ గట్టి ఉదాహరణ ఉంది. నెదర్లాండ్స్‌లో 1984లో పుట్టిన ఏఎస్ఎంఎల్ ప్రధానంగా చిప్పుల తయారీకి కావలసిన లిథోగ్రఫీ యంత్రాల (సర్క్యూట్ల నమూనాను కాంతితో చిప్పు మీద ముద్రించేవి) మీదే దృష్టి నిలిపింది. కెమెరాలతో సహా ఎన్నో పరికరాలు చేసే నికాన్, కెనాన్‌లు ఒకప్పుడు ఆ రంగంలో ముందున్నా, అతి సూక్ష్మమైన గీతలను ముద్రించగల అతినీలలోహిత కాంతితో పనిచేసే ఈయూవీ యంత్రాల దగ్గరకు వచ్చేసరికి వెనకబడ్డాయి. ఇప్పుడు వాటిని అమ్మేది ఏఎస్ఎంఎల్ ఒక్కటే. అయితే ఆ యంత్రంలోని అద్దాలు జర్మన్ కంపెనీ జైస్‌వి, లేజరు మరో జర్మన్ కంపెనీ ట్రంఫ్‌ది. పలు విద్యల అవసరం దానికీ తప్పలేదు, వాటిని భాగస్వాముల దగ్గర తెచ్చుకుంది. అలాంటి భాగస్వాములను సంపాదించుకోలేని చిన్న సంస్థకు ఈ దారి సూచించడానికి నాకు మనసొప్పదు.

నా దృష్టిలో నిర్ణాయకమైనది ఒక్కటే: కొత్త పనిలో పాత పని నేర్పిన విద్య ఎంత పనికొస్తుంది? మా ఇంట్లో వెలుతురు పడే గోడకు ఏళ్ల తరబడి వేలాడిన పెళ్లి ఫొటో ఒకటి ఉంది. అందులో అమ్మ కట్టుకున్న చీర ఏ రంగో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. వెలుతురూ గాలిలోని ఆక్సిజనూ కలిసి రంగులను అలా వెలిసిపోయేట్లు చేస్తాయి, దాన్ని ఆపడానికి ఫిల్ము కంపెనీల రసాయనవేత్తలు దశాబ్దాలు శ్రమించారు. చర్మం ముడతలు పడడంలోనూ ఆక్సీకరణకు పాత్ర ఉంది. ఫిల్ము పూతకు ఆధారమైన జెలటిన్, చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్ నుంచే వస్తుంది. అతి సూక్ష్మ కణాలను పలుచని పొరల్లో సమంగా పరచడం ఆ పరిశ్రమకు నిత్యకృత్యం. ఇవన్నీ కలిసి 2007లో ఫూజీ నుంచి ఆస్టాలిఫ్ట్ అనే సౌందర్య సాధనాల శ్రేణిగా వచ్చినప్పుడు, రీళ్లు అమ్మేవాళ్లకు ముఖానికి రాసుకునే క్రీములతో ఏం పని అని బయటివారికి అనిపించి ఉండవచ్చు గానీ, ప్రయోగశాలలో ఉన్నవారికి అది పాత పనికి కొనసాగింపే. రీలుకు ఆధారంగా వాడిన ట్రైఅసిటేట్ పొర (సెల్యులోజ్ అసిటేట్‌లో ఒక రకం) కూడా అలాగే ఎల్‌సీడీ తెరల్లో కాంతిని వడకట్టే పోలరైజరుకు రక్షణ పొరగా కొత్త బతుకు అందుకుంది. సరిగ్గా ఆ కాలానికి ఎల్‌సీడీ టీవీలు ఊపందుకోవడం ఫూజీ అదృష్టమే, కాదనను.

2000లో అధ్యక్షుడైన షిగెతకా కొమోరి హయాంలో ఆ సంస్థ తన దగ్గరున్న సాంకేతికతలకు లెక్క రాసుకుని, ఏది ఏ మార్కెట్‌కు పనికొస్తుందో చూసుకున్న తరువాతే అడుగు వేసింది. వేర్వేరు విద్యల వారిని ఒకచోట కలిపి పనిచేయించే పరిశోధనశాలను 2006లో తెరిచింది. విస్తరణ కొత్త ఆవిష్కరణగా పండేది ఇలాంటి కలయికల్లోనే. అదే 2006లో ఫొటో విభాగంలో వేల ఉద్యోగాలను తగ్గించిందన్నదీ మరచిపోకూడదు. 2008లో తొయామా కెమికల్ అనే మందుల కంపెనీని ఫూజీ కూడా కొన్నది, కాబట్టి కొనుగోలునే తప్పుపట్టలేం. కాకపోతే అప్పటికి ఫూజీకి రసాయనశాస్త్రంలోనూ వైద్య చిత్రణలోనూ సొంత పునాది, దాన్ని వాడుకునే స్పష్టమైన ఉద్దేశం ఉన్నాయి.

మిగిలిన దారుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. జపాన్ ఫొటో కంపెనీలైన కోనికా, మినోల్టా 2003లో కలిసిపోయి, 2006లో ఫొటో వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్లు ప్రకటించాయి. తక్షణ ఫొటోనే నమ్ముకున్న పోలరాయిడ్ 2001లో దివాలా తీసింది.

కొడాక్ విషయంలో నన్ను ఎక్కువగా బాధించేది స్టెర్లింగ్ కొనుగోలు కాదు, దాని తరువాతి ఘట్టం. అప్పుల భారం తగ్గించుకునే క్రమంలో 1994లో ఆ మందుల వ్యాపారాన్ని అమ్మివేయడంతో పాటు, అదే ఏడాది ఈస్ట్‌మన్ కెమికల్‌ను కూడా వేరుచేసింది. ఫిల్ముకు కావలసిన రసాయనాలను సొంతంగా చేసుకోవడానికి జార్జ్ ఈస్ట్‌మన్ 1920లో టెనెసీలోని కింగ్స్‌పోర్ట్‌లో పెట్టించిన సంస్థ అది. సెల్యులోజ్ అసిటేట్ తయారీలో దశాబ్దాల అనుభవం దానిది. ఫూజీ ఏ విద్య నుంచి కొమ్మలు వేసిందో, ఆ విద్యలో పెద్ద భాగాన్ని కొడాక్ చేజేతులా గడప దాటించింది. 2012 జనవరిలో కొడాక్ దివాలా రక్షణ కోరి కోర్టుకు వెళ్లేనాటికి, విడిపోయిన ఆ రసాయనాల కంపెనీ కింగ్స్‌పోర్ట్‌లో యథావిధిగా నడుస్తూనే ఉంది.