బత్తాయి తోటలో ఆరుగురు ఏజెంట్లు: మూడు వేసవుల తరువాత

బత్తాయి రైతుకు ఏజెంట్ అనగానే గుర్తొచ్చేది టన్నుకు ఇంత తరుగని కోసే మనిషి. అందుకే హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడు "మామా, తోటలో ఆరుగురు ఏజెంట్లను పెడదాం" అన్నప్పుడు, ఉన్నవాళ్లు చాలరా అన్నాను. వాడు చెప్పినవి చిన్న ప్రోగ్రాములు. తోట నాలుగు ముక్కలకు తలా ఒకటి, మోటారు దగ్గర ఒకటి, వీటన్నిటికీ పెద్దగా షెడ్డులోని రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతంత కంప్యూటరు మీద ఒకటి. నల్గొండ జిల్లా గుర్రంపోడు వైపు మా ఆరెకరాల్లో మూడు వేసవులుగా నీళ్ల బేరమంతా వాటిదే. నేల తడిని కొలిచే సెన్సార్ల ధరలు, డ్రిప్పు పైపుల సంగతి అందరికీ తెలిసినవే కనుక వదిలేస్తున్నాను.

నన్ను పడగొట్టింది ఆ బేరమే. రాత్రి పడుకునే ముందు ఆ ఏజెంట్ల మాటలన్నీ నమోదయ్యే చిట్టా చదవడం నాకు వ్యసనమైంది. మేనల్లుడు దాన్ని తెలుగులోనే కనిపించేలా చేశాడు. "గంటన్నర నీళ్లున్నాయి, ఎవరికి కావాలి?" అని మోటారు అడుగుతుంది. "నాకు గంట, రేపటికి ఎండిపోతాను" అంటుంది పైనున్న ఎర్ర చెలక. "నాకు ఎల్లుండి దాకా ఫరవాలేదు" అంటుంది కింది నల్లరేగడి. ఎవరి అవసరం ఎక్కువైతే వాల్వు వారికి తెరుచుకుంటుంది. అన్నదమ్ములు కూడా ఇంత మర్యాదగా నీళ్లు పంచుకోరు. ఈ పద్ధతిని రీడ్ స్మిత్ అనే పరిశోధకుడు 1980లోనే ప్రతిపాదించాడట, పేరు కాంట్రాక్ట్ నెట్ ప్రోటోకాల్. టెండరు పిలవడం, పాట పాడడం, ఖరారు చేయడం, అంతే. ఏ ముక్క ఎంత వేగంగా ఆరుతుందో ఆ ముక్కలో ఏజెంటు నడిచే చిన్న సర్క్యూట్ బోర్డే రోజూ చూసి నేర్చుకుంటుంది. లెక్క కోసం ఎక్కడో ఉన్న సర్వరును అడగదు. మా తోటలో ఫోనుకు సిగ్నల్ కావాలంటే నీళ్ల ట్యాంకు ఎక్కాలి, కాబట్టి ఇది నాకు చిన్న విషయం కాదు. వాటి మాటలు 865 - 867 మెగాహెర్ట్జ్ మధ్య, లైసెన్సు అక్కరలేని లోరా రేడియోలో, అంటే తక్కువ కరెంటుతో దూరం వినిపించే రేడియోలో నడుస్తాయి.

మోటారు ఏజెంటు చేసిన మేలు ఒకటి చెప్పాలి. 2018 జనవరి నుంచి తెలంగాణలో సేద్యానికి 24 గంటల కరెంటు వచ్చాక ఆటో స్టార్టర్ మీద భారం వేసి పడుకోవడం అలవాటైంది. కరెంటు ఉంటే సరిపోతుందా, బోరులో నీళ్లు ఉండొద్దూ? ఏప్రిల్‌లో బోరు ఆగి ఆగి పోస్తుంటే మోటారు తక్కువ కరెంటు లాగుతుంది. ఆ తేడాను ఇది పసిగట్టి ఆపేస్తుంది, ముక్కలకు కూడా చెబుతుంది, అవి తమ పాట తగ్గించుకుంటాయి. అంతకుముందు వేసవిలో మోటారు కాలి రెండుసార్లు వైండింగ్ చేయించిన నాకు దాని విలువ తెలుసు.

మొదటి ఏడాది అడిగినవారికల్లా ఒకటే మాట చెప్పాను: పెద్ద ఏజెంటు పోయినా పని ఆగదు, మిగిలినవి తమలో ఒకదాన్ని పెద్దగా ఎన్నుకుని నడిపిస్తాయి. ఆ మాట అబద్ధం కాదు. రెండో ఏడాది డిసెంబరులో నా కొంప ముంచింది సరిగ్గా అదే.

బత్తాయికి పూత రావాలంటే ముందు బెట్ట పెట్టాలి. నీళ్లు కట్టేసి, ఆకు ముడుచుకుని కొంత రాలేదాకా ఓపిక పట్టాలి, తరువాత ఒక్కసారిగా తడి ఇవ్వాలి. ఇరవై మూడో రోజు రాత్రి కరెంటు వచ్చీపోయీ షెడ్డులోని పెద్ద ఏజెంటు తాలూకు మెమరీ కార్డు పాడైంది. బెట్టలో ఉన్నాం, ఎవరికీ నీళ్లు ఇవ్వొద్దు అన్న నా ఆజ్ఞ దాని దగ్గరే ఉంది, ఇంకెక్కడా లేదు. పది నిమిషాలు దాని మాట వినబడకపోయేసరికి మిగిలినవి పద్ధతి ప్రకారం కొత్త పెద్దను ఎన్నుకున్నాయి. కొత్త పెద్దకు కనిపించింది ఎండిన నేల ఒక్కటే. పాట పెట్టింది. ఎర్ర చెలక జన్మలో పాడనంత పాట పాడింది.

తెల్లవారి తోట చూసే పెద్దాయన ఫోను చేశాడు. "సారూ, బెట్ట అయిపోయిందా? పై రెండు ముక్కలూ తడిసి ఉన్నాయి." నేను వెళ్లేసరికి చెట్ల పాదుల్లో కాలు దిగబడుతోంది. చిట్టాలో ఒక్క తప్పు మాట లేదు, అంతా ఎప్పటి మర్యాదే. పది రోజులకు ఆ రెండు ముక్కల్లో కళకళలాడుతూ ఇగురు వచ్చింది. పూత మాత్రం కొమ్మకు నాలుగు. కింది రెండు ముక్కలు ఆ ఏడాది నన్ను పోషించాయి.

మేనల్లుడు ఆదివారం వచ్చి సరిచేశాడు. ఇప్పుడు బెట్ట ఆజ్ఞ ఆరింటి దగ్గరా ఉంటుంది, స్టార్టర్ డబ్బా మీది బొత్తాన్ని మనిషి నొక్కితేనే తొలగుతుంది. గడిచిన డిసెంబరు ఏ గొడవా లేకుండా గడిచింది.

పెట్టుకోమంటారా అని అడిగేవాళ్లకు నా జవాబు ఇది. నాకు ఆదివారం వచ్చే మేనల్లుడు ఉన్నాడు, ఒకే బోరు మీద రెండు రకాల నేల ఉంది. నేలంతా ఒకే తీరున ఉండి, కాలువ నీళ్లు అందే తోటకు ఇంత బేరం అవసరమా అంటే నాకు అనుమానమే. వరికైతే అసలు చెప్పలేను.

ఇక బెట్ట రోజుల్లో నేను మోటారు ఫ్యూజులు పీకి పెద్దాయన చేతికి ఇస్తున్నాను. ఆయన వాటిని తువ్వాలులో మూటకట్టి ఇంటికి తీసుకెళతాడు. మోటారు ఏజెంటు మాత్రం పది నిమిషాలకోసారి చిట్టాలో రాస్తూనే ఉంటుంది: "కరెంటు లేదు. వేచి చూస్తున్నాను."