కుక్కలకి మత్తు లేకుండా పళ్ళ క్లీనింగ్ అంటే నమ్మి వెళ్ళకండి, మా కుక్క జున్నుగాడికి జరిగింది చదవండి

రాత్రి ఒంటిగంట దాటింది. జున్నుగాడు నా కాళ్ళ దగ్గర నిద్రలో మూలుగుతున్నాడు. నాకేమో కోపంతో నిద్ర పట్టట్లేదు. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

వాడికి ఆ క్లీనింగ్ చేసిన గ్రూమింగ్ సెలూన్ (కుక్కలకి స్నానం, కటింగ్ చేసే షాపు) పేరు రాయను. రాయక్కర్లేదు కూడా. ఇన్‌స్టాలో రోజుకో రీల్, గారపళ్ళ ఫొటో పక్కన తెల్లపళ్ళ ఫొటో, వెనకాల హుషారు మ్యూజిక్కు. హైదరాబాద్‌లో కుక్కనో పిల్లినో పెంచుతూ అవి చూడనివాళ్ళు ఉండరు. "మత్తు లేదు, నొప్పి లేదు, అరగంటలో ముత్యాల్లాంటి పళ్ళు." 2,500 రూపాయలు.

మావాడు పొమెరేనియన్, ఎనిమిదేళ్ళు. ఏడాదిగా నోరు వాసన. మేం ఎప్పుడూ చూపించే డాక్టరుగారు మత్తిచ్చి స్కేలింగ్ (పళ్ళ గార గీకి తీయడం) చేయించమని రెండుసార్లు చెప్పారు. మత్తు అనగానే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. లేవకపోతే? ఈ భయం మీకూ ఉంటుంది. ఉంటుందని వాళ్ళకీ తెలుసు, ఆ షాపు నడిచేదే దాని మీద. ఫోన్ చేస్తే ఎత్తిన కుర్రాడు ఎంత తియ్యగా మాట్లాడాడో. "అయ్యో, ఆ రిస్కు ఎందుకు మేడమ్? మత్తిచ్చాక లేవని కుక్కల్ని ఎన్ని చూశామో." ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనిపడుతుంది.

వెళ్ళాం. "మీరుంటే గారాలు పోతాడు" అని నన్ను బయట కూర్చోబెట్టారు. లోపల ఒకటే అరుపులు. నేనేం చేశాను? వాళ్ళిచ్చిన టీ తాగుతూ కూర్చున్నాను. ఆ టీ తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది. అరగంటకి టవల్లో చుట్టి తెచ్చారు. వణికిపోతున్నాడు, చిగుళ్ళ పక్కన రక్తం. "గార ఎక్కువుంది కదా మేడమ్, మామూలే." పెదవి ఎత్తి చూపిస్తే పళ్ళు నిజంగానే తెల్లగా ఉన్నాయి. మురిసిపోయి మా చెల్లికి ఫొటో కూడా పంపాను. తెలివైనదాన్ని కదా.

మూడు వారాలకి ఒకవైపే నమలడం మొదలుపెట్టాడు. ముద్ద నోట్లోంచి జారిపోయేది. ఒకరోజు పొద్దున చూస్తే కుడికన్ను కింద వాపు. ఏ కందిరీగో కుట్టి ఉంటుందని మా ఆయన కంట్లో చుక్కలు వేశారు. రెండు రోజులకి ఆ వాపు పగిలి చీము కారింది.

డాక్టరుగారు కన్ను వైపు సరిగ్గా చూడను కూడా లేదు, నేరుగా పెదవి ఎత్తారు. కుక్కలకి పైదవడలో పక్కన ఒక పెద్ద పన్ను ఉంటుందట, మాంసం కోసుకునే పన్ను, నాలుగో ప్రీమోలార్ అన్నారు. దానికి మూడు వేర్లు. అవి కంటి కింద దాకా వెళ్తాయి కాబట్టి అక్కడ చీము పడితే వాపు బుగ్గ మీద, కన్ను కింద తేలుతుంది. ఎక్స్‌రేలో చూపించారు. పైన తళతళ, చిగురు కింద గార గారలాగే ఉంది, వేరు చుట్టూ ఎముక కరిగిపోయింది. ఆ పళ్ళు సెలూన్ వాళ్ళు పాడు చేయలేదు, అవి ముందే పాడయ్యాయి. అది ఒప్పుకుంటాను. కానీ చెదపట్టిన గోడకి సున్నం కొట్టి ఇల్లు బాగుచేశాం అన్నట్టుంది వాళ్ళ పని. పైగా గీకి వదిలేశారు, పాలిష్ లేదు. గరుకుగా ఉన్న పంటి మీద గార ఇంకా తొందరగా పడుతుందట.

చివరికి ఆ మత్తే ఇచ్చారు. ముందు రక్తపరీక్ష, గుండె పరీక్ష. గార ముక్కలూ నీళ్ళూ ఊపిరితిత్తుల్లోకి పోకుండా గొంతులో ట్యూబు. కుక్కకి 42 పళ్ళు, మావాడికి ఇప్పుడు 37. బిల్లు 21,000. సాయంత్రానికి లేచి తోక ఊపాడు. నేను ఏడాదిపాటు భయపడింది ఆ ఒక్కపూటకి.

ఇదంతా ఒక ఎత్తు. ఇవాళ సాయంత్రం జరిగింది ఇంకో ఎత్తు.

రిపోర్టులు పట్టుకుని ఆ సెలూన్‌కి వెళ్ళాను. ఒట్టు, డబ్బు వెనక్కి అడగడానికి కాదు. "ఇలా అయింది బాబూ, లోపల చూడకుండా పైపైన గీకకండి" అని చెప్పడానికే. అదే కుర్రాడు. రిపోర్టు ముట్టుకోలేదు. ఫోన్ తీసి జున్నుగాడి ఫొటో నా మొహం ముందు పెట్టాడు. "తెల్లగా అయ్యాయా లేదా మేడమ్? మేం చెప్పింది అదే కదా." మరి చిగురు కింద సంగతేంటి అన్నాను. "అది ట్రీట్‌మెంట్ మేడమ్. మాది గ్రూమింగ్. ట్రీట్‌మెంట్ కావాలంటే మత్తిచ్చి చేయించుకోవాల్సింది. మీరే కదా మత్తంటే భయం అన్నారు?"

మీరే కదా.

నాకు నోట మాట రాలేదు. నా భయాన్ని ఎగదోసింది వీడు, దాన్ని 2,500కి కొనుక్కుంది వీడు, ఇప్పుడు అదే నా మొహాన కొట్టాడు. నవ్వుతూ. డ్రాయర్లోంచి ఫారం తీసి నా సంతకం మీద వేలు పెట్టాడు. సన్నక్షరాల్లో "అందం కోసం మాత్రమే" అని ఉంది. టీ తాగుతూ సంతకం పెట్టాను, చదివితేగా. పక్కన షిట్జూ జాతి కుక్కని ఒళ్ళో పెట్టుకుని వంతు కోసం కూర్చున్నావిడ నన్ను చూసిన చూపు ఉందే, కుక్కని పట్టించుకోకుండా వచ్చి గొడవ చేస్తున్నదాన్ని చూసినట్టు. ఆవిడకి ఒక్కమాట చెప్పి రావాల్సింది. ఏడుపు తన్నుకొస్తుంటే బయటికి వచ్చేశాను. ఆ షిట్జూ ఇప్పుడెలా ఉందో.

"గ్రూమింగ్" అన్న మాట అంత ఒత్తి ఎందుకు పలికాడో ఇంటికొచ్చాక తెలిసింది. 1984 నాటి ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం ప్రకారం జంతువులకి వైద్యం చేయాల్సింది రిజిస్టరైన పశువైద్యులు. గ్రూమింగ్ అంటే ఆ బాధే లేదు.

మీకు చెప్పేదేంటంటే, నోరు వాసన వచ్చినా, ఒకవైపే నమిలినా, కన్ను కింద వాచినా ముందు డాక్టరుకి చూపించండి. స్కేలింగ్ అంటే చిగురు కింద కూడా చేస్తారా, ఎక్స్‌రే తీస్తారా, మత్తుకి ముందు రక్తపరీక్ష ఉందా అని అడగండి. మత్తులో రిస్కు అస్సలు లేదని మా డాక్టరుగారూ అనలేదు, పరీక్షలు అందుకే అన్నారు. మటన్ బొక్కలు వేయకండి, సరిగ్గా ఆ పెద్ద పన్నే విరుగుతుందట (నేను ప్రతి ఆదివారం వేసేదాన్ని, పళ్ళు గట్టిపడతాయని!). రోజూ బ్రష్ చేయండి, కానీ మన టూత్‌పేస్టుతో వద్దు. కొన్నింట్లో జైలిటాల్ అని తీపి కోసం వేసేది ఉంటుంది, అది కుక్కలకి విషం. "కుక్కకి పళ్ళు తోమడమేంటి, చోద్యం కాకపోతే" అని మా అత్తయ్య నవ్వుతున్నారు. నవ్వనివ్వండి.

వాళ్ళ కొత్త రీల్లో చివరి కుక్క మావాడే. కింద కామెంట్ పెడితే పది నిమిషాల్లో తీసేసి నన్ను బ్లాక్ చేశారు. మీకు కనిపిస్తే, ఆ పళ్ళలో ఐదు ఇప్పుడు లేవని ఎవరైనా రాయండి.