ఆరు తుఫాను సీజన్లు వాడిన టార్పాలిన్ పట్ట: వానకు ఓకే, రింగులతోనే గొడవ

ఈ పట్ట 2020లో, నివర్ తుఫాను వస్తోందని టీవీలో అరుస్తున్న రోజుల్లో నెల్లూరులో కొన్నాను. 18కి 24 అడుగులు, 250 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకు 250 గ్రాముల బరువు), పసుపు రంగు. మాది అల్లూరు వైపు పల్లెటూరు, బెంగుళూరు పెంకుల ఇల్లు. ఇక వానొస్తే ఇంట్లో గిన్నెలు పరిచే పని లేదని అప్పట్లో కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. నా మాట విని మా వీధిలో ముగ్గురు కొన్నారు కూడా. ఇప్పుడు వాళ్ల ముందు కొంచెం తగ్గి మాట్లాడాల్సి వస్తోంది.

ఎందుకంటే నివర్ దాటింది పుదుచ్చేరి దగ్గర. మాకు దక్కింది ఎక్కువగా వానే. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయినప్పుడు కూడా మా ఇంటి మీద పడింది వానే. వాన సంగతిలో ఈ పట్టకు వంక పెట్టను, చుక్క దిగనివ్వదు. గాలి సంగతి తెలిసింది మాత్రం 2023 డిసెంబరులో, మిచౌంగ్‌ తుఫానుకి.

ఆ తుఫాను నేరుగా ఒడ్డెక్కి పోయుంటే బాగుండేది. మా తీరాన్ని రాసుకుంటూ మెల్లగా ఉత్తరానికి పాకి, 5వ తేదీ మధ్యాహ్నం బాపట్ల దగ్గర దాటింది. అందాకా మాకు గాలి ఆగలేదు, పైగా దిక్కు మార్చుకుంటూ పోయింది. తుఫాను మనకు ఆగ్నేయంలో ఉంటే గాలి ఈశాన్యం నుంచి కొడుతుంది, తూర్పుకు వచ్చేసరికి ఉత్తర గాలి, మనల్ని దాటి పైకి పోయాక పడమటి గాలి. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు నేను సముద్రం ఉన్న వైపు నుంచే గాలి అనుకుని తూర్పు చూరు తాళ్లు గట్టిగా బిగించి, పడమర వైపు ఏదో ముడేశాననిపించి పడుకున్నాను.

తెల్లవారుజామున పడమర వైపు నుంచి టప్పుమని శబ్దం. కాసేపటికి ఇంకోటి. టార్చి వేసి చూస్తే ముడి ముడిలాగే ఉంది, పట్ట అంచున తాడు కట్టే రింగు ఊడి తాడుకు వేలాడుతోంది, పట్ట మాత్రం పైన రెక్కలాగా కొట్టుకుంటోంది. నేను చూస్తుండగానే ఆ వరసలో మూడోది, నాలుగోది ఊడొచ్చాయి. పొద్దున ఒక రింగు చేతిలోకి తీసుకుని చూశాను. రూపాయి బిళ్లంత అల్యూమినియం రేకు, దాని చుట్టూ గోరంత పసుపు పీలిక. పట్టకు బొక్క పెట్టి, ఆ బొక్క అంచును పట్టుకుని ఉండటమే దాని పని. అంత పట్ట మోసే గాలి బరువంతా ఆ బొక్క మీదే. అంచు మడత లోపల తాడు కుట్టి ఉంటే కొంత ఆగేదేమో. మా పట్టకు ఉన్నది ఒట్టి మడతే, కొనేటప్పుడు నేను తడిమి కూడా చూడలేదు.

ఆ చీకట్లో మమ్మల్ని ఆదుకుంది రొయ్యల గుంటల దగ్గర పనిచేసే మా చిన్నాన్న. "రింగుకు కట్టేదేందిరా అబ్బయా, పట్టకు కట్టాల. గులకరాళ్లు తే" అన్నాడు. మాది ఇసక నేల, గులకరాయి ఎక్కడిది? పెరట్లో నిమ్మచెట్టు ఉంది. నాలుగు పచ్చికాయలు కోసుకొచ్చాను. కాయను పట్ట కింద పెట్టి, పైనుంచి పట్టను దాని చుట్టూ ముడిచి, ఆ మెడ దగ్గర తాడు రెండు చుట్లు చుట్టి బిగించాడు. లాగే కొద్దీ కాయ అడ్డం పడి ముడి జారదు, బరువు ఒక బొక్క మీద కాకుండా మడతంతా పంచుకుంటుంది. మా చూరు చేతికందుతుంది కాబట్టి బల్ల మీద నిలబడి కట్టాం. తడి పెంకుల మీదకు ఎవరూ ఎక్కొద్దు. మధ్యాహ్నం గాలి తగ్గేదాకా ఆ నాలుగు కాయలు నిలబడ్డాయి. రెండు నలిగి రసం కారి, చూరు కింద రెండు రోజులు ఊరగాయ వాసన.

కొన్న షాపుకు పోతే రింగులకు గ్యారంటీ ఉండదన్నారు, కొత్తవి కొట్టించుకోమన్నారు. కొట్టించలేదు. సోమశిల పోయినప్పుడు పెన్నలో గుండ్రటి గులకరాళ్లు నిమ్మకాయంతవి ఏరుకొచ్చి పాలపొడి డబ్బాలో పోసి పెట్టాను. కంకర రాళ్లు వద్దు, మొనలు పట్టను కోస్తాయి. 2025 అక్టోబరులో మొంథా తుఫానుకు అవే కట్టాను. అది నర్సాపురం వైపు దాటింది కాబట్టి మాకు గాలి అంత లేదు, గట్టి పరీక్ష అని చెప్పలేను.

నా వైపు తప్పులూ ఉన్నాయి. ఏప్రిల్లో వడ్లు ఆరబోసేదీ దీని మీదే, ఎండకు రంగు వెలిసి ఒక పక్క పెళుసెక్కింది. అటక మీద ఎనిమిది మడతలేసి పెడితే ఎలుక ఒక్కచోట కొరికింది, విప్పితే ఎనిమిది బొక్కలు, లెక్క తప్పకుండా.

మళ్లీ కొంటానా అంటే, కొంటాను. మాది పెంకుటిల్లు, చూరు కిందికి ఉంటుంది, కట్టడానికి చిన్నాన్న ఉన్నాడు. డాబా ఇంటివాళ్లకు దీనితో పనే లేదు. రేకుల షెడ్డు మీద ఎలా ఉంటుందో మా వీధిలో కొన్నాయన్ని అడగాలి, నిమ్మకాయల సంగతి విన్నప్పటి నుంచి ఆయన నన్ను చూస్తే నవ్వుతున్నాడు.