ఆపిన చోటే మొదలవుతుంది, ఛార్జింగ్ ఉన్నంతవరకు

ఈ బుల్లి ఎంపీ3 ప్లేయర్ కొని ఏడాది దాటింది. ఎన్ని జీబీల కార్డు పడుతుంది, ఏయే ఫార్మాట్లు పాడుతుంది లాంటివన్నీ డబ్బా మీదే ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నా. నాకు నచ్చింది ఒక్కటే: ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకోవడం.

గుంటూరు నుంచి విజయవాడకు రోజూ రైల్లో వెళ్లొస్తాను. పొద్దున పాడ్‌కాస్ట్, సాయంత్రం కర్ణాటక సంగీతం. ఫోన్లో వింటే మంగళగిరి వచ్చేలోపే ఆఫీసు నుంచి కాల్ వస్తుంది, వింటున్నది అక్కడే ఆగిపోతుంది. దీంట్లో ఆ గొడవ లేదు. ఆడియోబుక్స్ ఫోల్డర్లో వేసిన ప్రతి ఫైలూ, మధ్యలో వేరే ఎన్ని పాటలు విన్నా సరే, వదిలేసిన మాట దగ్గర్నుంచే అందుకుంటుంది. పైగా అన్నీ నొక్కే బటన్లే. రద్దీలో నిలబడి, ప్లేయర్ని జేబులోంచి తీయకుండానే ఆపేయొచ్చు. మొదట్లో కనబడిన వాళ్లందరి దగ్గరా దీన్ని తెగ పొగిడాను.

వానాకాలంలో ఒక రోజు రైలు కృష్ణా కెనాల్ దగ్గర సిగ్నల్ కోసం ఆగింది. ఎప్పుడు కదులుతుందో తెలియదు. నేను మాత్రం మూడు గంటల చరిత్ర పాడ్‌కాస్ట్‌లో చివరి ఘట్టానికి వచ్చి హాయిగా ఉన్నాను. అంతలో బ్యాటరీ అయిపోయింది. ఆఫీసుకెళ్లి ఛార్జింగ్ పెట్టి ఆన్ చేస్తే, 'శ్రోతలకు స్వాగతం' అంటూ మళ్లీ మొదటికొచ్చింది! అదొక్కటే కాదు, సగం సగం విని పెట్టుకున్నవన్నీ అంతే. తర్వాత అర్థమైందేమిటంటే, ఆఫ్ బటన్ నొక్కి పట్టి పూర్తిగా ఆపితేనే ఆ గుర్తులు కార్డు మీదకు ఎక్కుతాయి. పాజ్ చేసి జేబులో వేసుకుంటే నిద్రపోతుందే తప్ప ఏమీ రాసుకోదు. మాన్యువల్లో ఈ ముక్క ఎక్కడా లేదు. వాళ్ల కస్టమర్ కేర్‌కు రాస్తే రీసెట్ చేయమన్నారు, అదే వాళ్లకు వచ్చిన వైద్యం.

పోనీ ముందుకు జరుపుకుందామంటే, మూడు గంటల ఫైలుకు స్క్రీన్ మీద పది గంటలకు పైగా చూపిస్తోంది. బిట్‌రేట్ (ఒక్కో సెకను శబ్దానికి వాడే డేటా) మారుతూ ఉండే ఎంపీ3లకు మొదట్లో ఒక చిన్న సమాచారపు ముక్క ఉండాలి. అది లేకపోతే ఇలాంటి ప్లేయర్లు మొదటి క్షణాల బిట్‌రేట్ పట్టుకుని మొత్తం నిడివిని లెక్కగడతాయి. నిశ్శబ్దానికి బిట్‌రేట్ బాగా తక్కువ కాబట్టి, ఎపిసోడ్ దాంతో మొదలైతే ఇక చెప్పక్కర్లేదు, లెక్క పూర్తిగా తప్పుతుంది. ఆ రోజు బటన్ నొక్కి పట్టుకుని నా బొటనవేలు వాచిపోయింది.

అప్పట్నుంచి పాడ్‌కాస్ట్‌లన్నీ కంప్యూటర్లో 64 కేబీపీఎస్ (సెకనుకు 64 కిలోబిట్లు) మోనోకు, అంటే ఒకే ఛానెల్‌కు, మారని బిట్‌రేట్‌కు మార్చి ఎక్కిస్తున్నా. గంటకు 29 ఎంబీ దాకా అవుతుంది, మాటలకు అది చాలు. రైలు దిగేముందు ఆఫ్ చేయడం అలవాటైంది. మళ్లీ గుర్తులు పోలేదు.

సంగీతం విషయంలో మాత్రం నా పాత పొగడ్తలు కాస్త తగ్గించుకోవాలి. సినిమా పాటలకు ఇబ్బంది లేదు. కచేరీ రికార్డింగులే సమస్య. ఆలాపన ఒక ట్రాకు, కృతి ఒకటి, తని ఆవర్తనం (మృదంగం లాంటి తాళవాద్యాల సోలో) ఒకటిగా ఉంటే మధ్యలో ఒక్క క్షణం సౌండ్ తెగుతుంది. తంబూరా శ్రుతి ఠక్కున ఆగి మళ్లీ మొదలవుతుంటే చిరాకు. అందుకని మొత్తం కచేరీని ఒకే ఫైలుగా అతికించి, దాన్నీ ఆడియోబుక్స్‌లోనే పడేస్తున్నా! తెలుగు పేర్లు పెడితే వత్తులు అక్షరాల కింద నుంచి ఊడి పక్కకొచ్చి కూర్చుంటాయి, కాబట్టి పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే.

ఇదే డబ్బుకు మళ్లీ కొంటానా అంటే, నేనైతే బహుశా కొంటాను. ఆదివారం పూట గంటసేపు ఫైళ్లు సర్దుకోవడం నాకు సరదానే, రైలు ప్రయాణం ఎలాగూ తప్పదు. మా బావమరిది అడిగితే మాత్రం వద్దనే చెప్పాను. వాడికి వినాలనిపించింది అప్పటికప్పుడు నెట్‌లో దొరకాలి, దీనికేమో వైఫై లేదు.