ఈ నెల కొన్న రెండు ఆల్బమ్‌లు

ముందు ఆర్కేడ్ ఫైర్ బ్యాండ్ 'ఫ్యూనరల్' గురించి. 2004లో వచ్చిన ఇండీ రాక్ ఆల్బమ్ ఇది. రికార్డింగ్ సమయంలో సభ్యుల కుటుంబాల్లో వరసగా చావులు జరగడంతో ఆ పేరు పెట్టారు. పది పాటలున్నాయి. గిటార్ల హోరులో గొంతు అక్కడక్కడా మునిగిపోతుంది, అది నాకు నచ్చలేదు. కానీ 'వేక్ అప్'లో అందరూ కలిసి గొంతెత్తినప్పుడు ఒళ్లు గగుర్పొడిచింది.

నన్ను ఇంకా వదలనిది రెండోది. అమెరికన్ కమెడియన్ టిగ్ నొటారో స్టాండప్ కామెడీ ఆల్బమ్ 'లైవ్'. తనకు క్యాన్సర్ అని తెలిసిన కొద్ది రోజులకే, 2012 ఆగస్టులో, లాస్ ఏంజెలెస్‌లోని లార్గో వేదిక మీద చేసిన షో ఇది. మొదలుపెట్టగానే ఆ మాటే చెప్పేస్తుంది. జనం నవ్వాలో వద్దో తెలియక తడబడటం మనకు స్పష్టంగా వినిపిస్తుంది. అదే ఏడాది వాళ్లమ్మ కూడా పోయింది, ఆ సంగతీ దాచదు. మధ్యలో మామూలు జోకులు చెప్పనా అని అడిగితే, వద్దు, ఇదే చెప్పమంటారు వాళ్లు. అక్కడ నాకు కళ్లు తడిశాయి. నిడివి అరగంటే. పని చేసుకుంటూ పక్కన పెట్టుకునేది కాదిది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఒక్కరే కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా వినండి.